తేలు తోక దగ్గర సీతాకోకచిలుక

ఎండాకాలంలో కర్నూలు, కడప పల్లెల్లో మిద్దె మీద పడుకునేవాళ్లకు అర్ధరాత్రి దాటాక దక్షిణాన వృశ్చికం మొత్తం కనిపిస్తుంది. ఎర్రగా మెరిసేది జ్యేష్ఠ. తోక చివర కొండి దగ్గర మూల. ఆ మూలకు కాస్త పడమరగా, ఉత్త కంటికి ఆనని చోట, ఒక నక్షత్రం చనిపోతూ రెండు వెలుగు రెక్కలు చాచింది. బటర్‌ఫ్లై నెబ్యులా అంటారు. మనకు సుమారు 3,400 కాంతి సంవత్సరాల దూరం.

సూర్యుడి లాంటి నక్షత్రాలు పేలిపోవు. ఇంధనం తరిగేకొద్దీ ఉబ్బి, ఎర్రబడి, పైపొరలను సెకనుకు పది ఇరవై కిలోమీటర్ల వేగంతో వదిలేస్తాయి. అది మొదటి గాలి. పొరలు పోయి లోపలి వేడి గర్భం బయటపడ్డాక రెండో గాలి వీస్తుంది. పలచనిదే, కానీ వేగం సెకనుకు వెయ్యి కిలోమీటర్ల పైమాటే. అది ముందు వెళ్లిన వాయువును తరిమి పట్టుకుని, నెట్టి, దట్టమైన పొరగా ఒత్తేస్తుంది. ఈ రెండు గాలుల లెక్కను 1978లో సన్ క్వోక్, ఆయన సహచరులు చెప్పారు. ఇక వెలుగంటారా, గర్భం నుంచి వచ్చే అతినీలలోహిత కిరణాలు పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొడతాయి. దాంతో ఆక్సిజన్ ఆకుపచ్చగా, హైడ్రోజన్, నైట్రోజన్ ఎర్రగా వెలుగుతాయి.

మరి గుండ్రంగా కాకుండా రెక్కలెందుకు? నాకు అన్నిటికన్నా అబ్బురమనిపించేది ఇదే. ఈ నక్షత్రం నడుము చుట్టూ దట్టమైన ధూళి వలయం ఉంది. కొండల మధ్య గండి దొరికిన వైపే పెన్న సాగినట్టు, గాలి అటూ ఇటూ ఖాళీ ఉన్న దిక్కులకే దూసుకుపోయింది. ఇలాంటి వలయాలకు పక్కనే తిరిగే జంట నక్షత్రం కారణమని చాలామంది శాస్త్రవేత్తల అభిప్రాయం. మధ్యనున్న గర్భం వేడి రెండు లక్షల డిగ్రీలకు పైనే.

ఫొటోల్లో మనం చూసే రెక్కలతో ఈ నెబ్యులా అయిపోలేదు. 2015 సెప్టెంబర్ 28న శ్రీహరికోట నుంచి ఎగిరిన ఆస్ట్రోశాట్ ఉపగ్రహం అతినీలలోహిత టెలిస్కోపుతో దీన్ని చూసింది. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్‌కు చెందిన ఎన్. కామేశ్వరరావు బృందం, మామూలు వెలుతురులో కనబడని పెద్ద వాయుమేఘం ఆ రెక్కలను దాటి వ్యాపించి ఉందని 2018లో ప్రకటించింది. మన నేల మీది నుంచి వెళ్లిన ఉపగ్రహం కనిపెట్టిన ఈ సంగతి మన పాఠ్యపుస్తకాల్లోకి రావాలి.

ఇలాంటి మేఘాన్ని స్వయంగా చూడాలనుకుంటే డంబెల్ నెబ్యులాతో మొదలుపెట్టండి. ఏప్రిల్, మే నెలల్లో అమావాస్య రోజుల్లో, తెల్లవారుజామున నాలుగింటికి, ఊరి లైట్లకు దూరంగా వెళ్లి శ్రవణ నక్షత్రానికి ఉత్తరాన బైనాక్యులర్‌తో వెతకండి. రంగులు కనిపించవు, మసక మచ్చ మాత్రం దొరుకుతుంది. పిల్లల్ని వెంట తీసుకెళ్లండి.