అనుకోని సొమ్ము, ఆలుమగల లెక్క

2025 జనవరి నుంచి హైదరాబాద్ పాతబస్తీలో కొన్ని ఇళ్లకు అంతకుముందెన్నడూ చూడనంత డబ్బు ఒక్క చెక్కులో వచ్చింది. ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా 7.5 కిలోమీటర్ల మెట్రో మార్గానికి 2024 మార్చి 8న ఫలక్‌నుమా దగ్గర ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి శంకుస్థాపన చేశారు. దారుల్‌షిఫా నుంచి శాలిబండ, అలియాబాద్ మీదుగా సాగే ఆ ఇరుకు రోడ్డును వెడల్పు చేయడానికి వందలాది ఇళ్లూ మల్గీలూ కొన్ని పూర్తిగా, కొన్ని ముందు భాగం వరకూ పోవాల్సి వచ్చింది. భూమికి గజానికి 81 వేల రూపాయల పరిహారం ఖరారైంది. ఆ ధర న్యాయమా కాదా అన్నది వేరే పంచాయితీ. ఇక్కడ మాట్లాడుకోవలసింది చెక్కు ఖాతాలో పడ్డాక ఇంట్లో జరిగే సంగతి. యాభై గజాలు పోయిన కుటుంబానికి భూమి కిందే 40 లక్షల 50 వేలు వస్తుంది. అంత మొత్తం కళ్లబడగానే ఆగిపోయిన పెళ్లి, పాతబడిన బండి, ఎప్పటినుంచో వాయిదా పడుతున్న పై అంతస్తు అన్నీ ఒకేసారి అత్యవసరాలైపోతాయి. భర్త మనసులో ఒక వరుస, భార్య మనసులో మరో వరుస. ఇలాంటి సొమ్ము నిలవకపోతే మనవాళ్లు దుబారా గుణాన్ని తప్పుపడతారు. నాకు మాత్రం అసలు చిక్కు ఆ రెండు వరుసలూ ఒకదానికొకటి తెలియకుండా ఉండటంలోనే కనిపిస్తుంది. డబ్బు రాకముందే ఇద్దరూ కూర్చుని దానికి పని అప్పజెప్పిన ఇంట్లో నిగ్రహం కోసం అంతగా తంటాలు పడాల్సిన అవసరం ఉండదు.

ముందు తేల్చుకోవలసింది, వచ్చింది నిజంగా అదనమేనా అన్నది. మెట్రో పరిహారం అదనం కాదు. నెలనెలా అద్దె తెచ్చిన మల్గీ నోట్లుగా మారి ఇంటికొచ్చింది, అంతే. అందులోంచి పెళ్లికి పది లక్షలు తీస్తే ఆ మల్గీలో నాలుగో వంతు అమ్మి పెళ్లి చేసినట్టే లెక్క. చిట్టీ సొమ్మూ ఇంతే. ఐదు లక్షల చిట్టీని లక్ష తగ్గించి పాడుకుంటే నాలుగు లక్షలు చేతికొస్తాయి, కానీ చిట్టీ ముగిసేదాకా నెలవారీ కిస్తు కట్టాల్సిందే. గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్ల చేతిలో పడే ముగింపు సొమ్ముదీ అదే కథ. సౌదీ కార్మిక చట్టం ప్రకారం మొదటి ఐదేళ్లకు ఏడాదికి అర నెల జీతం, ఆపైన ఏడాదికి నెల జీతం లెక్కగడతారు. పదేళ్లు చేసి ఒప్పందం ముగించుకున్నవాడికి వచ్చేది ఏడున్నర నెలల జీతం. ఇక్కడ మళ్లీ బతుకుతెరువు కుదిరేదాకా ఇల్లు నడవాల్సింది దాని మీదే. 2017 జులైలో సౌదీ ప్రభుత్వం ప్రవాసుల కుటుంబ సభ్యుల మీద తలకు నెలకు 100 రియాళ్ల రుసుము పెట్టి, ఏటా వంద పెంచుతూ 2020 నాటికి 400 చేసింది. భార్యాపిల్లలను వెనక్కి పంపక తప్పని హైదరాబాదీ కుటుంబాలకు గల్ఫ్ జీతం శాశ్వతం కాదని అప్పుడు గట్టిగా తెలిసొచ్చింది.

నిజంగా అదనమనిపించుకునే డబ్బూ ఉంటుంది. 2024 దసరాకు ముందు సింగరేణి బొగ్గు గనుల లాభాల్లో విస్తరణకు పక్కన పెట్టింది పోను మిగిలినదాంట్లో 33 శాతం, అంటే 796 కోట్ల రూపాయలు, కార్మికులకు బోనస్‌గా ప్రకటించారు. సగటున ఒక్కొక్కరికి లక్షా తొంభై వేలు. ఇలాంటిది వచ్చినప్పుడు మనసు దాన్ని జీతంలా చూడదు. నెల జీతంలో రెండు వేలకు బేరమాడే మనిషే బోనస్‌లో ఇరవై వేలు వెనకాముందూ చూడకుండా తీస్తాడు. రూపాయి రూపాయే అయినా అది వచ్చిన దారిని బట్టి మనం దాన్ని వేరే ఖాతాలో రాసుకుంటామని వివరించిన ఆర్థికవేత్త రిచర్డ్ థేలర్‌కు 2017లో నోబెల్ వచ్చింది. అంకెలూ ఆ దిశగానే ఉన్నాయి. 2001లో అమెరికా ప్రభుత్వం పన్ను తిరిగి ఇచ్చినప్పుడు, డబ్బు అందిన మూడు నెలల్లోనే కుటుంబాలు అందులో 20 నుంచి 40 శాతం తిండి, బట్టలు వంటి రోజువారీ వాటికే వాడేశాయని పరిశోధకులు లెక్కతేల్చారు. నార్వేలో లాటరీ గెలిచినవాళ్లు మొదటి ఏడాదిలోనే దాదాపు సగం ఖర్చు పెట్టారు. పాతబస్తీ జనానికి పైసా విలువ తెలియదని తేలిగ్గా అనేసేవాళ్లు ఈ రెండు లెక్కలూ ఒకసారి చూడాలి. పాతబస్తీ పక్కనే కొండ మీద ఇంకో సాక్ష్యముంది. 1884లో ఫలక్‌నుమా ప్యాలెస్ మొదలుపెట్టిన వికారుల్ ఉమ్రా హైదరాబాద్ సంస్థానంలోని మహా సంపన్నుల్లో ఒకరు. కట్టడం పూర్తయ్యేసరికి ఆయన అప్పుల్లో కూరుకుపోయాడు, చివరికి ప్యాలెస్ ఆరో నిజాం పరమైంది. నిజామును అతిథిగా పిలిచి ప్యాలెస్‌ను నజరానాగా సమర్పించమన్న ఉపాయం ఆయన బేగందేనని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ మాట నిజమైతే, ఆ సంప్రదింపు పునాది వేసే ముందు జరగాల్సింది.

డబ్బు విషయంలో ఆలుమగలు ఒకరికొకరు ఏం చెప్పుకుంటారన్నదాన్ని బట్టి దాని గతి ఎలా మారుతుందో నవా అష్రఫ్ అనే ఆర్థికవేత్త ఫిలిప్పీన్స్‌లో పరీక్షించి 2009లో ప్రచురించారు. పెళ్లయినవాళ్లకు చిన్న మొత్తం ఇచ్చి, దాన్ని ఏం చేయాలో ఎంచుకోమన్నారు. భార్యకు తెలియదన్నప్పుడు మగవాళ్లు తమ సొంత ఖాతాలో వేసుకున్నారు. భార్యకు తెలుస్తుంది కానీ ముందుగా మాట్లాడుకునే వీలు లేదన్నప్పుడు, ఆమె చేతికి పొదుపుగా చేరకముందే తమ ఖర్చుకు కట్టేసుకున్నారు. ఇద్దరూ మాట్లాడుకుని తేల్చమన్నప్పుడు భార్య ఖాతాలో వేశారు. ఇంటి డబ్బు భార్య చేతిలో ఉండే కుటుంబాల్లో ఈ తేడా మరీ స్పష్టంగా కనబడింది. ఇందులో రెండో ఫలితం మనకు ముఖ్యం. దాచడం చెడ్డదని అందరికీ తెలుసు. తెలిసీ మాట్లాడుకోకపోవడం ఖర్చును ఇంకా తొందరపెడుతుందని మాత్రం చాలామంది ఊహించరు. రేపు ఎదుటివాళ్లు దేనికో వాడేస్తారేమోనన్న అనుమానం ఉన్నచోట ఈరోజే కొనేయడం తెలివైన పనిగా తోస్తుంది. టీవీ కొన్న భర్తా, గాజులు చేయించుకున్న భార్యా ఇద్దరూ తమ వంతు కాపాడుకున్నామనే అనుకుంటారు. పొదుపు మాత్రం ఎవరి వంతుకూ రాదు.

దీనికి మొదటి అభ్యంతరం బంగారం వైపు నుంచి వస్తుంది. గుల్జార్ హౌజ్, పత్తర్‌గట్టీ దుకాణాల్లో నగ కొంటే అది ఖర్చెలా అవుతుంది, కష్టకాలంలో అదేగా ఆదుకునేది అంటారు. అందులో నిజముంది. వడ్డీ వద్దనుకునే ముస్లిం కుటుంబాలకు ఫిక్స్‌డ్ డిపాజిట్ దారి లేదు కాబట్టి బంగారమే పొదుపు. కానీ బంగారం వేరు, నగ వేరు. లక్ష రూపాయలు పెట్టి నగ కొంటే, తరుగు, మజూరీ కలిపి నూటికి పన్నెండు వేసుకుని, ఆ మొత్తం మీద జీఎస్టీ మూడు శాతం కలిపితే, అందులో అసలు బంగారం దాదాపు 86,700 రూపాయలది మాత్రమే. మిగతా 13 వేల పైచిలుకు దుకాణం గడప దాటేలోపే పోయింది. రేపు కుదువ పెట్టినా, అమ్మినా లెక్కలోకి వచ్చేది బంగారం విలువే. పొదుపే ఉద్దేశమైతే నాణెమో బిళ్లో కొనడం మేలు. అంతకంటే మేలైన పని ఇంకొకటుంది, కుదువలో ఉన్న పాత నగను విడిపించడం. నూటికి మూడు రూపాయల వడ్డీ మీద లక్ష తెచ్చుకున్న ఇల్లు నెలకు మూడు వేలు, ఏడాదికి 36 వేలు కడుతుంది. ఆ అప్పు తీర్చడమంటే ఏడాదికి 36 శాతం ఖాయంగా మిగుల్చుకోవడమే. ఆ నూటికి 36నే రాబడిగా ఇస్తామని బయట ఎవరైనా ఆశ చూపితే జాగ్రత్తపడాలి. వడ్డీ లేని వ్యాపారమన్న పేరుతో దాదాపు ఆ స్థాయి రాబడులే ఆశ చూపిన హీరా గోల్డ్ మీద ఫిర్యాదులు వెల్లువెత్తి, 2018 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు సంస్థ అధినేత్రిని అరెస్టు చేశారు. అందులో డబ్బు పెట్టినవాళ్లు వేలల్లో ఉన్నారు.

రెండో అభ్యంతరం బంధువుల గురించి. డబ్బు ఊరికే ఉంచితే అడిగేవాళ్లు వస్తారు, కాదంటే మాట పడాలి, అందుకే వస్తువుగా మార్చేస్తే నయమంటారు. దీన్ని కొట్టిపారేయలేం. చుట్టాలకు తెలియకుండా ఉంటుందంటే కొంత రాబడి వదులుకోవడానికైనా ఆడవాళ్లు సిద్ధపడ్డారని కెన్యా పల్లెల్లో చేసిన పరిశోధనలోనూ తేలింది. దీనికి మందు పాతబస్తీ ఆచారాల్లోనే ఉంది. ఏడాది పాటు నిలిచిన సొమ్ములో రెండున్నర శాతం జకాత్‌గా ఇవ్వాలన్న నియమం, ఇచ్చేదెంతో ముందే తేల్చేస్తుంది. ఏ మతం వాళ్లయినా అలాగే సాయానికి ఇంత అని ముందుగా పక్కన పెట్టుకుంటే, అది అయిపోయాక లేదని చెప్పడానికి ఇద్దరి నోటా ఒకే మాట వస్తుంది. ఆయన కాదన్నాక ఆమె దగ్గర, ఆమె కాదన్నాక ఆయన దగ్గర చేయి చాచే వీలు అప్పుడు ఎవరికీ ఉండదు. వడ్డీకి అభ్యంతరం లేనివాళ్లు మిగిలిన సొమ్మును గడువు ఖాతాలో వేస్తే, తీయడానికి వీల్లేదన్న మాట అబద్ధమూ కాదు. పెద్ద మొత్తం వచ్చినవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. ఒక్కో బ్యాంకులో ఒక్కొక్కరి డిపాజిట్లకు బీమా రక్షణ ఐదు లక్షల వరకే. 40 లక్షలను ఇద్దరి పేర్ల మీద నాలుగైదు బ్యాంకుల్లో పంచిపెట్టడానికి అదొక్క కారణం చాలు.

ఇంతా లెక్కపెట్టుకుని బతికితే సంతోషమెక్కడ అన్నది మూడో మాట. రంజాన్ రాత్రుల్లో చార్మినార్ నుంచి మదీనా దాకా వెలిగే బజారు, ఆషాఢంలో లాల్ దర్వాజా బోనాలు మనుషుల కోసమే కదా! నిజమే. పొదుపు పేరుతో ఆనందాన్ని పూర్తిగా నిషేధించిన ఏర్పాటు నెల తిరక్కుండానే కూలుతుంది. స్వీడన్‌లో లాటరీ గెలిచినవాళ్లను ఏళ్ల తరబడి గమనించిన పరిశోధకులు, పెద్ద మొత్తం గెలిచినవాళ్లకు జీవితం మీద తృప్తి పెరిగిందనీ, పదేళ్లు దాటినా అది తగ్గలేదనీ 2020లో ప్రకటించారు. ఆ దేశపు విజేతలు డబ్బును ఒక్కసారిగా తగలెయ్యకుండా ఏళ్ల మీద సర్దుకున్నారన్నదీ అక్కడి పరిశోధనల్లో బయటపడింది. అంటే సంతోషానికీ నిదానానికీ వైరం లేదు. వచ్చిన దాంట్లో పదో వంతు ఇద్దరూ చెరిసగం తీసుకుని, దాని మీద ఒకరినొకరు లెక్క అడగకూడదని ఒప్పుకుంటే చాలు. ఆయన ఇరానీ హోటల్లో స్నేహితులకు విందు ఇచ్చినా, ఆమె లాడ్ బజార్‌లో లక్క గాజులు పెట్టె నిండా కొన్నా రెండో మాట ఉండకూడదు. అలా ఒప్పుకున్న ఖర్చు గొడవ తేదు, మిగతా తొమ్మిది వంతులకూ కాపలా కాస్తుంది. పరిహారంలా అసలు అదనమే కాని సొమ్ముకు మాత్రం పదో వంతు కూడా ఎక్కువే.

అన్నింటికంటే గట్టి అభ్యంతరం ఆడవాళ్లది. అంతా చెప్పేసుకుంటే మా చేతిలో ఏం మిగులుతుందన్న వాళ్ల భయానికి ఆధారముంది. 2016 నవంబరు 8 రాత్రి 500, 1000 నోట్లు రద్దయినప్పుడు పోపుల పెట్టెల్లో, బియ్యం డబ్బాల్లో, చీరల మడతల్లో ఏళ్లుగా దాచుకున్న డబ్బును భర్త ముందు పెట్టక తప్పని ఇల్లాళ్లు దేశమంతటా ఉన్నారు. చాలామందికి అది ఉన్నపాటున రక్షణ పోయినట్టే అనిపించింది. భర్త తాగి తగలేసే ఇంట్లో, చెయ్యి చేసుకునే ఇంట్లో ఆమె దాచుకోవడమే సరి. అక్కడ నిజాయితీ గురించి ఆమెకు పాఠం చెప్పే అర్హత ఎవరికీ లేదు. మిగిలిన ఇళ్లలో మాత్రం రహస్యానికి బదులు హక్కు కావాలి. ముస్లింలలో మహర్ భార్యదే, హిందువుల్లో స్త్రీధనం భార్యదే అని రెండు సంప్రదాయాలూ ఎప్పుడో ఒప్పుకున్నాయి. అనుకోని సొమ్ములో కొంత ఆమె ఖాతాలో, ఆమె సంతకం లేకుండా కదలని విధంగా వేయడం దానికి కొనసాగింపే. బ్యాంకు ఖాతాలో ఉన్న డబ్బు నోట్ల రద్దుతో చెల్లకుండా పోదు.

ఇంతకీ చేయాల్సింది పెద్ద పనేం కాదు. సొమ్ము వస్తుందని తెలిసిన రోజే, అది ఎంతో ఇద్దరికీ సరిగ్గా తెలియాలి. వడ్డీ అప్పు, కుదువ నగ, ఆరు నెలల ఇంటి ఖర్చు, సాయం, సరదా అని ఐదు పద్దులు ఒకే కాగితం మీద ఇద్దరి చేతిరాతతో రాసుకోవాలి. అందులో లేని ఏ కొనుగోలైనా, అది ఎంత మంచిదైనా, మూడు నెలలు ఆగాలి. ఆ గడువు ముగిశాక ఇద్దరికీ ఇంకా కావాలనిపిస్తే కొనుక్కోవచ్చు, అప్పుడు అది ఆవేశం కాదు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్న పెద్దలు దీపం ఎవరు పట్టుకోవాలో చెప్పలేదు. ఈ విషయంలో మాత్రం ఇద్దరి చెయ్యీ పడాలి, ఎందుకంటే ఒక్కరే వేసిన లెక్కను రెండోవాళ్లు మరిచిపోవచ్చు, కాదనవచ్చు, అసలు తమకు చెప్పనే లేదనవచ్చు. ఇద్దరూ రాసుకున్న లెక్కకు ఆ మూడు గండాలూ ఉండవు.