డెస్సావులో మగ్గాల దగ్గర ఆగండి

జర్మనీలోని డెస్సావుకు బెర్లిన్ నుంచి రైల్లో రెండు గంటల లోపే చేరుకోవచ్చు. ఊరి మధ్య పార్కులో పొడవాటి అద్దాల భవనం ఒకటి కనిపిస్తుంది. 2019లో తెరిచిన బౌహౌస్ మ్యూజియం అదే. అద్దాల లోపల, నేలకు అయిదు మీటర్ల ఎత్తున, ఒక నల్లటి పెట్టెను వంతెనలా నిలిపారు. పాత బట్టలూ కాగితాలూ రంగులూ వెలుతురుకు పాడైపోతాయి కాబట్టి ప్రధాన ప్రదర్శన ఆ చీకటి పెట్టెలోనే ఉంటుంది.

బౌహౌస్ ఒక బడి. 1919లో ఆర్కిటెక్ట్ వాల్టర్ గ్రోపియస్ దాన్ని వైమార్‌లో పెట్టాడు. నిధులకు కత్తెర పడడంతో 1925లో డెస్సావుకు వచ్చింది. 1932లో నాజీలు ఇక్కడ మూయిస్తే బెర్లిన్‌కు చేరి, మరుసటి ఏడు అక్కడా ఆగిపోయింది. బతికింది పద్నాలుగేళ్లే. చిత్రకారుడూ వడ్రంగీ కమ్మరీ ఒకచోట కూర్చుని పనిచేయాలని మొదలైన ఆలోచన, పోనుపోను యంత్రాల మీద తయారై పదిమందికీ అందే వస్తువుల వైపు తిరిగింది.

లోపలికి వెళ్లిన కొత్తవాళ్లకు కాస్త నిరాశ కలగవచ్చు. ఉక్కు గొట్టాల కుర్చీ, ఒకదాని కింద ఒకటి ఇమిడే చిన్న బల్లలు, నగిషీ లేని దీపం. ఇలాంటివి మన ఆఫీసుల్లో లేవా? ఉన్నాయి. ఆ దారి మొదలైంది ఇలాంటి చోట్లే. 1925లో మార్సెల్ బ్రాయర్ సైకిల్ హ్యాండిల్‌ను చూసి, గొట్టాన్ని అలాగే వంచి కుర్చీ ఎందుకు చేయకూడదనుకున్నాడు. ఆనాటి ఇళ్లలో ఉన్నవి చెక్కుడు పనితో, దట్టమైన మెత్తలతో బరువైన కుర్చీలు. వాటిని మనసులో పెట్టుకుని చూస్తేనే ఈ గొట్టం సంగతి అర్థమవుతుంది.

అయితే అందరూ ఫొటోలు తీసుకునే కుర్చీ దగ్గర కంటే నేత విభాగం దగ్గర ఎక్కువసేపు నిలబడమంటాను. స్త్రీపురుష భేదం ఉండదని మొదట ప్రకటించిన గ్రోపియస్, అమ్మాయిలు పెద్ద సంఖ్యలో చేరేసరికి వాళ్లలో చాలామందిని నేతకు మళ్లించాడు. మగ్గం ఆడవాళ్ల పని అని అక్కడివాళ్ల లెక్క. (మగవాళ్లు మగ్గం మీద, ఆడవాళ్లు ఆసు దగ్గరా కండెల దగ్గరా కూర్చునే మన పోచంపల్లిలో ఈ మాట చెబితే నవ్వుతారు.) గాజు పని నేర్చుకోవాలని వచ్చిన అనీ ఆల్బర్స్ అయిష్టంగానే మగ్గమెక్కింది. బెర్నావులో కార్మిక సంఘాల బడికి కట్టిన సభామందిరంలో శబ్దం ప్రతిధ్వనించకుండా ఆమె గోడకు ఒక బట్ట నేసింది. ముందువైపు సెల్లోఫేన్ కలిసిన నేత వెలుతురును తిప్పికొడుతుంది, వెనకవైపు మెత్తటి నూలు శబ్దాన్ని పీల్చుకుంటుంది. 1930లో ఆమెకు డిప్లొమా తెచ్చిన పని ఇదే. పక్కకు నెట్టిన శాఖ ఇంత పని చేసింది. 1927 నుంచి దాన్ని నడిపింది గుంటా స్టోల్జల్, అక్కడే చదువుకున్న మనిషి. బడికి నాలుగు డబ్బులు తెచ్చిన కొద్ది శాఖల్లో నేత ఒకటి.

ఆ శాఖలోనే పనిచేసిన ఓటి బెర్గర్‌కు వినికిడి సరిగా ఉండేది కాదు. బట్టను చేత్తో తాకి తెలుసుకోవాలని ఆమె రాసింది. యూదురాలు కావడంతో ఆమెను 1944లో నాజీలు ఆష్‌విట్జ్ శిబిరంలో చంపేశారు. మ్యూజియంలో బట్టల్ని ముట్టుకోనివ్వరు. తప్పదు, కానీ ఆమె మాట తెలిసినవాళ్లకు అది వెలితే.

చాలామంది ఇంతటితో వెనుదిరుగుతారు. స్టేషన్‌కు అవతల, నడిచే దూరంలోనే, గ్రోపియస్ 1926లో కట్టిన అసలు బడి ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబు దాడికి దెబ్బతిని, 1976లో మళ్లీ రూపు దిద్దుకుంది. పనిశాలల ముందు మూడంతస్తుల అద్దాల గోడ ఫొటోల్లో గొప్పగా ఉంటుంది. దాని వెనక పనిచేసినవాళ్లు మాత్రం వేసవిలో ఉడికిపోయారు, చలికాలంలో వణికిపోయారు. ఆ సంగతి తెలిసి కూడా అద్దాల మేడలు కడుతూనే ఉన్నాం, ఏసీ బిల్లు కట్టుకుంటూ.