ఎర్రరాళ్ళ సీమ చూసొద్దాం రండి



మన సీమ పేరు చెప్పగానే "అది కరువు సీమ, రాళ్ళ సీమ" అంటారు. నిజమే. ఇక్కడ వానలు తక్కువ. రాళ్ళు ఎక్కువ. అయితే ఆ రాళ్ళను చూడడానికే ఎక్కడెక్కడి నుంచో మనుషులు వస్తున్నారు. పక్కనే ఉన్న మనలో చాలామంది మాత్రం చూడలేదు. ఎందుకని? ఇంటి పని తెమలదు. చేతిలో డబ్బులుండవు. బస్సు బోర్డు చదవలేం, యాడ దిగాలో తెలీదు అని భయం.

ఇప్పుడు మనకు బోర్డు చదవడం వచ్చింది. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో చార్జీ లేదు. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపిస్తే కండక్టరు సున్నా టికెట్టు ఇస్తాడు. దిగేదాకా దాన్ని దాచుకోవాలి. ఇంక పోదాం రండి.

రెండు కొండలు, నడుమ ఒక ఏరు

మహానందిలో పొద్దు పొడిచే దిక్కుకు తిరిగి నిలబడండి. ఎదురుగా నల్లమల. 'మల' అంటే కొండ. దట్టమైన అడవితో దూరానికి నల్లగా కనిపించే కొండ నల్లమల. ఇప్పుడు పొద్దు కుంకే దిక్కుకు తిరగండి. దూరంగా ఉన్నవి ఎర్రమలలు. అంటే ఎర్ర కొండలు. ఈ రెండు కొండల నడుమ నంద్యాల మైదానం ఉంది. అందులో కుందూ నది పారుతుంది. అది కడప జిల్లాలో పెన్నలో కలుస్తుంది.

మహానంది కోనేట్లో నీళ్ళు తేటగా ఉంటాయి. అడుగున ఉన్న గులకరాయి కూడా కనిపిస్తుంది. ఎండాకాలంలోనూ ఊట ఆగదు. ఆ నీళ్ళే బయటికి పారి అరటితోటలను తడుపుతాయి. ఇంత నీరు ఎక్కడిది? నల్లమల మీద వాన పడుతుంది. చెట్లు, ఆకులు ఆ వానను ఉరికిపోనీకుండా ఆపుతాయి. నీరు మెల్లగా రాళ్ళ సందుల్లోకి దిగుతుంది. కొండ అడుగున ఊటగా పైకి వస్తుంది. కొండ మీద అడవి ఉంటేనే కింద ఊట ఉంటుంది. చెట్లు నరికితే కోనేరు కూడా చిన్నబోతుంది.

యాగంటి

నంద్యాల నుంచి బనగానపల్లెకు బస్సులున్నాయి. అక్కడికి దగ్గరలోనే ఎర్రమలల్లో యాగంటి ఉంది. ఉమామహేశ్వరుని గుడి, కొండ ఊటతో నిండే కోనేరు, మెట్లెక్కి చూసే గుహలు ఉన్నాయి. ఇక్కడి నంది పెరుగుతోందని భక్తుల నమ్మకం.

నీళ్ళు తొలిచిన ఇల్లు

కొలిమిగుండ్ల మండలంలో బెలుం అనే ఊరుంది. పైనుంచి చూస్తే మామూలు చేనే. చేని కింద గుహలున్నాయి. వాటి పొడవు 3,229 మీటర్లు. అంటే మూడు కిలోమీటర్ల పైమాటే. అందులో సుమారు ఒకటిన్నర కిలోమీటరు మనం నడిచి చూడొచ్చు.

ఈ గుహలను మనిషి తవ్వలేదు. మరి ఎవరు తవ్వారు? నీళ్ళు తవ్వాయి. సున్నపురాయి మీద నిమ్మరసం పిండితే బుసబుసమని పొంగుతుంది కదా! పులుపు రాయిని తింటుంది. వాన నీరు గాలిలో, మట్టిలో దిగేటప్పుడు దానికీ కొంచెం పులుపు తగులుతుంది. అది సున్నపురాయిని చుక్క చుక్కగా కరిగిస్తుంది. అట్లా లక్షల ఏండ్లు కరిగితే ఈ గుహలు ఏర్పడ్డాయి. లోపల ఒకచోట సన్నని నీటిధార పారి నేలలోకి మాయమవుతుంది. దాన్ని పాతాళగంగ అంటారు.

1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త ఈ గుహల గురించి రాశాడు. 1982, 1983లలో జర్మనీ వాళ్ళు వచ్చి కొలిచారు. ఒకప్పుడు ఇక్కడ చెత్త పారబోసేవాళ్ళు. తర్వాత ఊరివాళ్ళు, ప్రభుత్వం కలిసి బాగు చేశారు. మెట్లు, దీపాలు పెట్టి 2002లో జనం చూడడానికి తెరిచారు. లోపల ఉక్కగా ఉంటుంది. ఆయాసం ఉన్నవాళ్ళు, గుండె జబ్బు ఉన్నవాళ్ళు దిగకపోవడం మేలు.

ఈ చుట్టుపక్కల దొరికే నాపరాయే మన ఇండ్లలో బండలు. బేతంచెర్ల, కొలిమిగుండ్ల వైపు వేలమంది బతుకు ఈ రాతి మీదే. అందులో ఆడవాళ్ళూ ఉన్నారు. రాతి దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. ఆ పనికి పోయేవాళ్ళు మాస్కు ఇమ్మని యజమానిని అడగాలి.

ఏరు వేసిన గండి

చెరువు కట్ట తెగితే ఏమంటాం? గండి పడింది అంటాం. పెన్నా నది ఎర్రమలలకే గండి కొట్టింది. ఆ గండి పక్కన కట్టిన కోట గండికోట. జమ్మలమడుగు నుంచి సుమారు 15 కిలోమీటర్లు.

కోట అంచు నుంచి చూస్తే కింద పెన్న సన్నగా కనిపిస్తుంది. లోతు దాదాపు 300 అడుగులు. రెండు వైపులా ఎర్రరాళ్ళు పెట్టెలు పేర్చినట్టు ఉంటాయి. ఎరుపు ఎట్లా వచ్చింది? చేన్లో మరిచిపోయిన కొడవలి వానకు తడిస్తే తుప్పు పడుతుంది. ఈ రాతిలో కూడా ఇనుము ఉంది. గాలి, నీరు తగిలి అది తుప్పు రంగుకు తిరిగింది.

అమెరికా దేశంలో అరిజోనా అనే రాష్ట్రం ఉంది. అక్కడ కొలరాడో నది ఇట్లాగే ఎర్రరాళ్ళను కోసింది. దాన్ని గ్రాండ్ కాన్యన్ అంటారు. అది ఇంకా చాలా పెద్దది. అయినా రెండింటి పని ఒకటే. ఏరు రంపం, రాయి కట్టె.

కోటను పెమ్మసాని నాయకులు ఏలారు. తర్వాత గోల్కొండ సేనాని మీర్ జుమ్లా గెలుచుకున్నాడు. లోపల మాధవరాయ గుడి, రంగనాథుని గుడి, జామియా మసీదు, ధాన్యం కొట్టు ఉన్నాయి. గుడి, మసీదు ఒకే కోటలో దగ్గర దగ్గరగా నిలబడి ఉన్నాయి.

ఇక్కడే గండికోట జలాశయం ఉంది. శ్రీశైలం నుంచి కృష్ణ నీళ్ళు కాలువల్లో ఇక్కడికి వస్తాయి. కరువు నేలకు నీళ్ళొచ్చాయి. ఆ నీళ్ళ కోసం కొందరు ఊళ్ళే వదిలారు. 2020లో కొండాపురం మండలం తాళ్ళప్రొద్దుటూరు ముంపులో పోయింది. అట్లాంటప్పుడు ఇంటికి, చేనికి పరిహారం కాగితాలు వస్తాయి. చదవకుండా వేలిముద్ర వేస్తే ఏం రాశారో తెలీదు. చదివి సంతకం పెట్టేవాళ్ళు "ఇది తక్కువ రాశారే" అని అడగగలరు.

కలివికోడి కథ

కడప జిల్లాలో లంకమల అడవి ఉంది. అక్కడి పొదల్లో కలివికోడి అనే పిట్ట ఉంటుంది. 1900 తర్వాత శాస్త్రవేత్తల కంట పడలేదు. ఇక లేదనుకున్నారు. 1986లో మళ్ళీ దొరికింది. పట్టి చూపించింది ఎవరో కాదు, అడవి తెలిసిన ఊరి మనిషే. చదువుకున్నవాళ్ళు ఊరివాళ్ళను అడిగారు కాబట్టే పిట్ట దొరికింది. మనకు తెలిసిన చెట్టూ పిట్టా కూడా చదువే. దాన్ని పిల్లలకు చెప్పాలి. వీలైతే రాసి పెట్టాలి.

పోయే ముందు

చలికాలంలో పోండి. ఎండాకాలంలో ఎర్రబండ నిప్పు లెక్క కాలుతుంది. నలుగురైదుగురు కలిసి పోండి. నీళ్ళు, సద్ది కట్టుకోండి. లోయ అంచుకు పోవద్దు, కాలు జారితే ఆసరా ఉండదు. ఆఖరి బస్సు ఎన్నిటికో ముందే అడిగి కాగితం మీద రాసుకోండి. హెచ్చరిక బోర్డు కనిపిస్తే ఆగి చదవండి. గోడల మీద పేర్లు చెక్కొద్దు. అక్షరం నేర్చుకున్నది రాతిని పాడు చేయడానికి కాదు.

చర్చించండి

1. మీ ఊరి కొండకు, వాగుకు ఆ పేరు ఎట్లా వచ్చింది? పెద్దలను అడిగి రాయండి.
2. మీ ఊరి బావిలో నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయి?
3. మీ ఊరి నుంచి గండికోటకు ఏయే ఊళ్ళలో బస్సు మారాలి? ఆ ఊళ్ళ పేర్లు వరసగా రాయండి.