పాత ఇంజనుకు సరైన వెల

ఏనుగు బ్రతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అన్నది తరతరాలుగా మనకు వస్తున్న సామెత. పాత మోటారు కార్ల విషయంలో ఈ సామెత సగమే నిజమని నా అనుభవం. చచ్చిన కారులో ఏ భాగం ఎంతవరకు బ్రతికి ఉన్నదో కొలిచి చెప్పగలిగినప్పుడే అది వెయ్యి పలుకుతుంది. చెప్పలేకపోతే ఇనుప సామాను తూకానికే పోతుంది. తెలిసి కూడా చెప్పకపోతే, అది వ్యాపారం అనిపించుకోదు.

మన విభాగంలో ఉన్నత పదవిలో పనిచేసి విశ్రాంతి తీసుకున్న ఒక పెద్దాయన వద్ద 1967 నాటి ఎమ్.జి.బి. స్పోర్ట్స్ కారు ఉండేది. శిక్షణకై ఇంగ్లండు వెళ్ళి, తిరిగి వస్తూ ఓడలో వెంట తెచ్చుకున్నారు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆదివారం సాయంత్రాలు విశాఖ సముద్రతీరాన ఆ కారు వెళుతుంటే పిల్లలు వెంట పరుగెత్తేవారు. ఆయన కాలం చేసిన తరువాత వారి అర్ధాంగి నన్ను పిలిపించి, “బాబూ, ఇల్లు ఖాళీ చేసి పెద్దవాడి దగ్గరకు పోతున్నాను. ఈ కారుకు ఏదో ఒక దారి నువ్వే చూడాలి. వచ్చిన డబ్బు నా కంటి ఆపరేషనుకు పనికొస్తుంది” అన్నారు. ఆ పని చేస్తూ నేర్చుకున్న సంగతులే ఈ వ్యాసం.

కారు పోయి, ఇంజను మిగలడం ఎందుకు?

ఎమ్.జి.బి. కారును బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ 1962లో విడుదల చేసింది. ఆబింగ్డన్ కర్మాగారంలో 1980 అక్టోబరు వరకు దీని ఉత్పత్తి సాగింది. తయారైనవి ఐదు లక్షలకు పైమాటే. దీనికి ముందు వచ్చిన ఎమ్.జి.ఏ. కారుకు విడిగా ఛాసిస్ ఉండేది. ఎమ్.జి.బి.కి అది లేదు. బాడీయే బరువు మోస్తుంది. తలుపుల క్రింద ఇరువైపులా పెట్టెలవలె మడిచిన రేకు దూలాలు ఉంటాయి. వీటిని సిల్స్ అంటారు. కారు నడుము బలమంతా వీటిలోనే ఉన్నది. లోపల తేమ చేరి ఇవి తుప్పు పడితే పైకి రంగు నిగనిగలాడుతున్నా కారు నడుము విరిగినట్లే. సముద్రపు గాలిలో యాభై ఏళ్ళు గడిపిన ఈ కారుకు జరిగినదదే. జాకీ పెట్టి ఎత్తగానే తలుపు మూతపడలేదు.

ఇంజను సంగతి వేరు. దుక్క ఇనుముతో పోతపోసిన దళసరి బ్లాకు, లోపలంతా నూనె. తుప్పు దానిని అంత తొందరగా ముట్టదు. అందుచేత ఈ జాతి కార్లలో శరీరం పోయి గుండె మిగలడం సాధారణం. దీనికి విరుగుడు కూడా ఉన్నది. బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ సంస్థ అసలు అచ్చులనే సేకరించి 1988 నుంచి ఎమ్.జి.బి.కి కొత్త బాడీలు తయారుచేస్తున్నది. కొత్త బాడీ దొరికినవారికి పాత ఇంజను కావాలి. మన దగ్గర మిగిలిన దానికి గిరాకీ అక్కడినుంచే వస్తుంది.

మన అంబాసిడర్‌తో చుట్టరికం

ఈ ఇంజను మనకు బొత్తిగా పరాయిది కాదు. మన సంస్థలో తొలి తరం అధికారులు ఎక్కి తిరిగిన అంబాసిడర్ కారులోని 1489 సి.సి. పెట్రోలు ఇంజను, ఎమ్.జి.బి.లోని 1798 సి.సి. ఇంజను ఒకే కుటుంబానికి చెందినవి. దాని పేరు బి-సిరీస్. రెండింటిలోనూ స్ట్రోకు 88.9 మిల్లీమీటర్లే. బోరు మాత్రం అంబాసిడర్‌కు 73, ఎమ్.జి.బి.కి 80.26 మిల్లీమీటర్లు. 1955లో వచ్చిన ఎమ్.జి.ఏ. కారులో ఉన్నది ఆ 1489 సి.సి. ఇంజనే.

ఈ చుట్టరికం వలన ఒక మేలు, ఒక కీడు. ఈ ఇంజనును విప్పడం తెలిసిన మేస్త్రీలు మన దేశంలో ఇంకా ఉండడం మేలు. అంబాసిడర్ భాగాన్ని శుభ్రంగా కడిగి ‘ఎమ్.జి. ఒరిజినల్’ అని అమ్మజూపేవారు ఉండడం కీడు. బోరు వేరు గనుక అంబాసిడర్ పిస్టను ఎమ్.జి.బి.కి పట్టదు. 1489 క్రాంకుకు మూడు మెయిన్ బేరింగులు. 1964 చివరినుంచి వచ్చిన ఎమ్.జి.బి. క్రాంకుకు ఐదు. అంబాసిడర్‌కు ఒక్కటే కార్బురేటర్, ఎమ్.జి.బి.కి ఒకటిన్నర అంగుళాల ఎస్.యు. కార్బురేటర్లు జంటగా ఉంటాయి. కొనేవారు ఈ మూడు గుర్తులు తెలుసుకుంటే చాలావరకు మోసపోరు.

విడదీయరాని జంటలు

ఇంజనును విప్పేటప్పుడు తొందర పనికిరాదు. అమ్మకం విలువ అక్కడే నిలబడుతుంది, అక్కడే పోతుంది. మెయిన్ బేరింగు క్యాపులను బ్లాకుకు బిగించి, రెండింటినీ కలిపి ఒకేసారి బోరు చేస్తారు. ఒక బ్లాకు క్యాపు మరొక బ్లాకుకు పనికిరాదు. కనెక్టింగ్ రాడ్డుకూ దాని క్యాపుకూ ఉన్న సంబంధం ఇటువంటిదే. ఎస్.యు. కార్బురేటర్‌లో పైనుండే గిన్నె, దానిలో కదిలే పిస్టను ఒకదానికొకటి సరిచూసి జతచేసినవి. జత మారితే పిస్టను పట్టేస్తుంది. క్యామ్ షాఫ్టుమీద నడిచిన ట్యాపెట్లు ఆ క్యామ్‌కే అరిగి అలవాటుపడతాయి. వాటిని వేరే క్యామ్ మీద పెడితే రెండూ పాడవుతాయి. కనుక విప్పిన క్షణమే ప్రతి జతకూ తీగతో రేకు బిళ్ళ కట్టి సంఖ్య వేయాలి. మేము నాలుగు ఆదివారాలు దీనికే వెచ్చించాము.

కొలత లేనిదే వెల లేదు

“ఇంజను మంచి కండిషను” అన్న మాటకు అర్థం లేదు. దానికి బదులు కొలత చెప్పాలి. వర్క్‌షాపులలో అంగుళంలో వెయ్యో వంతును ‘థౌ’ అంటారు. అది మిల్లీమీటరులో 0.0254 వంతు. క్రాంకు జర్నల్ అరిగితే పది థౌల చొప్పున గ్రైండు చేసి, అంత దళసరి బేరింగు షెల్లు వేస్తారు. 10, 20, 30, 40 థౌల వరకు షెల్లు దొరుకుతాయి. ఆపైన క్రాంకుకు ఆయుష్షు లేదు. కనుక క్రాంకు ఎన్ని కోతలు తిన్నదన్నదే దాని వయస్సు. షెల్లు వీపున ఆ అంకె ముద్రించి ఉంటుంది. మా క్రాంకు షెల్లుమీద 010 అని ఉన్నది. మైక్రోమీటరు పెట్టి చూస్తే అన్ని జర్నళ్ళూ ఆ కొలతకు సరిగానే ఉన్నాయి. అంటే ముందు ఇంకా మూడు కోతల జీవితం మిగిలి ఉన్నది.

సిలిండరు బోరును పైన, నడుమ, క్రింద మూడుచోట్ల, ఒక్కొక్కచోట అడ్డంగానూ నిలువుగానూ కొలవాలి. పై రింగు తిరిగేచోట అరుగుదల ఎక్కువ. క్రాంకు షాఫ్టును విప్పిన తరువాత పడుకోబెట్టి నెలల తరబడి ఉంచితే వంగే ప్రమాదం ఉన్నది. నూనె పట్టించి, నిలువుగా నిలబెట్టి, కదలకుండా కట్టాలి. ఇంజను సంఖ్య బ్లాకుమీద చెక్కి ఉండదు. రివెట్లు కొట్టిన చిన్న రేకుమీద ఉంటుంది. మా రేకుమీద 18జి.బి. అన్న అక్షరాలు ఉన్నాయి. 1964లో వచ్చిన ఐదు బేరింగుల ఇంజనుకు అది గుర్తు. రేకు ఊడదీయడం సులభం గనుక, రేకు లేని బ్లాకును అనుమానించడం కొనేవారి హక్కు.

హెడ్డులో పగులు

ఈ ఇంజను సిలిండరు హెడ్డుకు పేరుపడ్డ ఒక బలహీనత ఉన్నది. నడుమనున్న రెండు, మూడు సిలిండర్ల పొగ బయటికి పోయే దారి ఒక్కటే. అక్కడ వేడి గుమిగూడుతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ వాల్వు సీట్ల నడుమ వెంట్రుకవంటి పగుళ్ళు రావచ్చు. కంటికి అవి కనబడవు.

బెంగుళూరునుంచి ఒక ఔత్సాహికుడు ఫోను చేసి, హెడ్డుకు మేము ఊహించిన దానికంటె మంచి ధర చెప్పాడు. “పగుళ్ళేమీ లేవు కదండీ?” అని అడిగితే, “బాగానే ఉన్నది” అన్నాను. పరీక్షించకుండా అన్నాను. అది నా తప్పు. ఆ రాత్రి మనస్సు ఒప్పుకోక, మన వెల్డింగు తనిఖీలలో వాడే ఎర్ర రంగు పరీక్షే చేద్దామనుకున్నాను. మరునాడు హెడ్డును మసి లేకుండా కడిగి, ఆరబెట్టి, డై పెనెట్రెంటు చల్లి, పావుగంట ఆగి, తుడిచి, తెల్లని డెవలపరు కొట్టాను. మూడు నిమిషాలలో రెండవ సిలిండరు వాల్వు సీట్ల నడుమ సన్నని ఎర్ర గీత తేలింది.

ఆమెకు చూపించాను. చాలాసేపు మాట్లాడలేదు. “చెప్పకపోతే అతనికి తెలుస్తుందా?” అని అడిగారు. “ఇంజను బిగించి, వేడెక్కించి నడిపేదాకా తెలియదమ్మా. తెలిసేనాటికి అతని ఖర్చంతా అయిపోతుంది” అన్నాను. ఆమె లోపలికి వెళ్ళి పెద్దాయన వ్రాసుకున్న కారు పుస్తకం తెచ్చారు. చివరి రెండేళ్ళ పుటలలో ఆయన చేతివ్రాతతో “రేడియేటరులో నీరు తగ్గుచున్నది, కారణము చూడవలెను” అని నాలుగుచోట్ల ఉన్నది. “ఆయన వ్రాసిపెట్టుకున్నదే. మనం దాచడమెందుకు? ఫోను చెయ్యి బాబూ” అన్నారు.

చేశాను. అతను కృతజ్ఞతలు చెప్పి, హెడ్డు వద్దన్నాడు. ఆ తరువాత ఆరు వారాలపాటు ఎవరూ ఫోను చేయలేదు. ఆపరేషను ఆగలేదు, పెద్దకొడుకు డబ్బు పంపాడు. కాని ఎవరి చేతికీ చూడకుండా జరుపుకోవాలన్న ఆమె కోరిక నెరవేరలేదు. ఆ మాట నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

చట్టం చెప్పేది

మన సంస్థలో కండెమ్ చేసిన సామగ్రిని వేలం వేసేటప్పుడు ‘ఉన్నచోటనే, ఉన్నస్థితిలోనే’ అన్న షరతు పెట్టడం మనకు తెలిసినదే. ఆ షరతు న్యాయమైనదే. కొనేవారు వచ్చి చూసుకునే వీలు అక్కడ ఉంటుంది. కాని తెలిసిన లోపాన్ని రంగు పూసి మరుగుపరచడానికి అది అనుమతి కాదు. తెలిసిన వాస్తవాన్ని ప్రయత్నపూర్వకంగా దాచడం మోసమేనని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 17వ సెక్షను చెబుతున్నది.

కారును విప్పి అమ్మేవారు మరొక పని మరువరాదు. వాహనం శాశ్వతంగా వాడుకకు పనికిరాకుండా పోతే యజమాని 14 రోజులలో రిజిస్టరింగ్ అధికారికి తెలియజేయాలని 1988 మోటారు వాహనాల చట్టం 55వ సెక్షను చెబుతున్నది. రిజిస్ట్రేషను రద్దయిన కాగితం నకలు జతచేస్తే, బ్లాకు దొంగసొత్తు కాదని కొనేవారికి భరోసా. 2021 జూలైలో కేంద్రం తెచ్చిన నియమాల ప్రకారం యాభై ఏళ్ళు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజనులలో మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న సొంత వాహనాలకే వింటేజ్ గుర్తింపు లభిస్తుంది. అసలు ఇంజను భాగాలకు అందువలన మన దేశంలోనూ విలువ పెరిగింది.

వెల కట్టడం

పాత భాగం ధరకు అడుగు ఇనుము తూకం. పైకప్పు అదే భాగం కొత్తది కొంటే అయ్యే ఖర్చులోంచి దీనిపై చేయవలసిన పని ఖర్చు తీసివేయగా మిగిలేది. ఈ రెంటి నడుమ ఎక్కడ నిలపాలన్నది కొలతల చీటీ నిర్ణయిస్తుంది. ఉదాహరణకు, మన దేశంలో 2000 ఫిబ్రవరినుంచి సీసం కలిపిన పెట్రోలు లేదు. పోతలోనే కోసిన పాత వాల్వు సీట్లు సీసం లేని పెట్రోలుతో తొందరగా లోపలికి అరుగుతాయి. గట్టి లోహపు సీట్లు అమర్చిన హెడ్డుకు కనుకనే ఎక్కువ ధర. అది అమర్చిన సంగతి, లేని సంగతి చీటీలో ఉండాలి. మేము ప్రతి భాగానికీ ఐదు అంశాలు వ్రాశాము: భాగం పేరు, ఇంజను సంఖ్య, కొలత, పరీక్ష, తెలిసిన లోపం. లోపం లేనిచోట “కనబడలేదు” అని వ్రాశామే గాని “లేదు” అని వ్రాయలేదు.

ఏడవ వారంలో ఆ బెంగుళూరు మనిషే స్వయంగా వచ్చాడు. క్రాంకు, రాడ్లు, కార్బురేటర్ల జత తీసుకున్నాడు. మైక్రోమీటరు అతని సంచిలోనే ఉన్నది, బయటికి తీయలేదు. మా చీటీలు చదివి, అడిగిన ధర ఇచ్చి వెళ్ళాడు. బ్లాకు మరొకరికి పోయింది. మొత్తం మీద మేము అనుకున్నదానికంటె తక్కువే వచ్చింది. ఇనుము తూకానికి వచ్చేదానికంటె చాలా ఎక్కువ వచ్చింది.

పగిలిన హెడ్డును ఆమె ఎవరికీ అమ్మనివ్వలేదు. దానిని ఒక ఐ.టి.ఐ.కి ఇచ్చాము. అక్కడి విద్యార్థులు ఎర్ర రంగు పరీక్ష నేర్చుకునేది ఇప్పుడు దానిమీదనే. మీ ఇంటి షెడ్డులో పాత వాహనం ఏదైనా ఉంటే తూకానికి వేసే ముందు ఒక ఆదివారం దానికి కేటాయించండి. కొలవండి, పరీక్షించండి, తెలిసినదంతా చీటీమీద వ్రాయండి. ఫోనులో ఎవరైనా అడిగితే, పరీక్షించిన తరువాతనే జవాబు చెప్పండి.