వేగమునకు హద్దు, నక్షత్రమునకు హద్దు

వస్తువు వేగము హెచ్చినకొలది బరువెక్కునట. అట్లయిన నది వెలుతురు వేగమును సమీపించినపుడు తన బరువునకు తానే క్రుంగి కృష్ణబిలమగునా? అని చదువుకొను బాలికలు మమ్మడుగుచుందురు. కాదు. కదలిక యనునది చూచువారిని బట్టి యుండును. రైలుపెట్టెలో మన ప్రక్కనున్న మరచెంబు మనకు కదలదు. గట్టున నిలిచినవారికి పరుగెత్తుచున్నది. ఒకరికి చెంబును, వేరొకరికి బిలమును నగుట పొసగదు.

అయినను ఈ రెంటికిని నిజమైన చుట్టరికము వేరొక చోట, ఇంధనము తీరిన నక్షత్రగర్భమున, కలదు. అట్టి నక్షత్రము కుదించుకొని భూమియంత గోళమగును. బరువు మాత్రము ఇంచుమించు సూర్యునంత! దానిని కూలకుండ నిలుపునవి ఎలక్ట్రానులు. పంక్తిభోజనమున విస్తరికొక్కరే కూర్చుండునట్లు, ఒక్కొక్క స్థానమున నొక్క ఎలక్ట్రానే యుండవలెను. మందగతి స్థానములు నిండగా మిగిలినవి అధికవేగ స్థానములకు పోవలసినదే. ఆ వేగమే లోపలినుండి త్రోయుచు గురుత్వమును నిలువరించును. నక్షత్రము బరువైనకొలది వేగమును హెచ్చవలెను. కాని సెకండునకు సుమారు 3 లక్షల కిలోమీటర్ల వెలుతురు వేగమును మించుటకు వీలులేదు గదా! ఆ హద్దు చేరువైనపుడు త్రోపు చాలదు, గురుత్వము గెలుచును.

1930లో ఇంగ్లండునకు ఓడలో పోవుచు 19 ఏండ్ల సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ ఈ హద్దును లెక్కగట్టెను. నేడది సూర్యుని బరువునకు సుమారు 1.4 రెట్లని యెన్నుదురు.

1935 జనవరిలో లండనునందలి రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ సభలో ఆయన దీనిని వినిపింపగా, ఎడింగ్టన్ లేచి పరిహసించెను. ఈ లెక్కయే నిజమైనచో నక్షత్రము కొన్ని కిలోమీటర్లకు కుదించుకొని తన వెలుతురును తానే బంధించుకొనవలసి వచ్చును, ఇట్టి వింతను ప్రకృతి యేల సహించునని ఆయన వాదము. కృష్ణబిలమును కన్నులకు గట్టినట్లు వర్ణించి, అది యసంభవమని త్రోసివేసెను! 1919 గ్రహణమున ఐన్‌స్టీన్ సిద్ధాంతమును పరీక్షించిన మహాపండితుడాయన. సభ ఆయన పక్షముననే నవ్వెను. పండితులు పొరబడుట వింత కాదు. ఆ నవ్వే మాకు కష్టముగా తోచును.

చంద్రశేఖర్ కొంతకాలము పెనగి, 1939లో నక్షత్రములపై గ్రంథమును వెలువరించి వేరు విషయములకు మరలెను. 1936లో ఆయనను పెండ్లాడిన లలితగారును భౌతికశాస్త్రము చదివినవారే. ఇంటనైనను ఆ బాధ తెలియు తోడు దొరకినదని సంతసించితిమి.

హద్దు దాటినవన్నియు బిలములు కావు. కొన్ని న్యూట్రాన్ నక్షత్రములై యాగును. మిక్కిలి బరువైనవి యాగవు. చంద్రశేఖర్ ముదిమిలో వానివైపునకే మరలి, కృష్ణబిలముల గణితముపై పెద్ద గ్రంథము వ్రాసెను. అది వెలువడిన 1983లోనే ఆయనకు నోబెల్ బహుమానము వచ్చినది.