కొత్త పట్టభద్రులు - ఉద్యోగపు దరఖాస్తు

మన పల్లెలనుండి పట్టభద్రులగుచున్న యువతీయువకులలో పెక్కుమంది తమ యింట మొట్టమొదటి పట్టభద్రులు. వారు ఉద్యోగమునకు దరఖాస్తు నింప కూర్చున్నప్పుడు, పేరు, ఊరు, మార్కులు చకచక వ్రాసిన చేయి ఒక్క ప్రశ్నకడ ఆగిపోవును: "మీరు నాయకత్వము వహించిన, బాధ్యత నిర్వహించిన సందర్భములను తెలుపుడు." ఇంతవరకు ఉద్యోగమే చేయలేదు గదా యని తలచి, "ఏమియు లేదు" అని వ్రాసి సంతకము చేయుదురు. పట్టణములో చదివిన తోటివారు కళాశాల సంఘపు కార్యదర్శి పదవిని అచ్చట చూపుదురు. సామర్థ్యము లేక కాదు, చెప్పుకొను విధము తెలియక మన బిడ్డలు వెనుకబడుచున్నారు. ఇది నివారింపదగిన నష్టము.

ఈ ప్రశ్న ఎందులకు?

కొత్త పట్టభద్రులవద్ద ఏండ్ల అనుభవము ఉండదని ఉద్యోగమిచ్చువారికి తెలియును. ఒప్పుకొన్న పనిని కడవరకు చేయుదురా, పొరపాటు జరిగినచో తమదని ఒప్పుకొందురా, నలుగురిని కలుపుకొని పోవుదురా అనునదే వారికి కావలసినది. సివిల్ సర్వీసుల ఎన్నికలో 275 మార్కుల ముఖాముఖి పరీక్షయందు పరిశీలించు గుణములలో నాయకత్వమును, నైతికమైన నిజాయితీని కూడ కేంద్ర పబ్లిక్ సర్వీసు కమీషను పేర్కొనుచున్నది. ఈ రెండును ఒకేచోట చెప్పబడుట గమనింపదగినది.

పదవి వేరు, బాధ్యత వేరు

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా అమ్మకమునకు ఎదురు నిలిచిన స్త్రీలకు ఏ పదవియు లేదు. అక్షరాస్యతా తరగతులలో అప్పుడప్పుడే చదువు నేర్చుకొన్న పేదలు వారు. ఆ ఉద్యమము జిల్లాలు దాటి వ్యాపించెను. 1993లో రాష్ట్రమంతట సారా నిషేధింపబడెను. పదవి లేకయే నాయకత్వము సాధ్యమని చెప్పుటకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు.

ప్రతివారును ఉద్యమము నడుపవలెనని మా భావము కాదు. తల్లిగారి డ్వాక్రా సంఘమునకు తీర్మానముల పుస్తకము, పొదుపు లెక్కలు వ్రాయుట, పాలకేంద్రములో రెండు పూటల పాల కొలతలు నమోదు చేయుట, తండ్రి జబ్బుపడిన యేడు సేద్యము నడుపుచునే పరీక్షలు వ్రాయుట, వీధిలోని పిల్లలకు చదువు చెప్పుట, ఇవన్నియు బాధ్యతలే. 1969లో ప్రారంభమైన జాతీయ సేవా పథకములో విద్యార్థులు రెండేండ్లలో 240 గంటలు సేవ చేయుదురు. ఆ శిబిరములో వంట సరకుల లెక్క చూచినవారు సైతము చెప్పుకొనదగిన పనియే చేసిరి.

వ్రాయు విధము

పరిస్థితి యేమి? మీపై పడిన పని యేమి? మీరు చేసినదేమి? దాని ఫలితమేమి? ఈ నాలుగింటికి సమాధానము వ్రాసిన చాలును. "నాలో నాయకత్వ లక్షణములు మెండు" అను వాక్యమువలన ఎవరికిని ఏమియు తెలియదు. దానికి బదులు ఇట్లు వ్రాయవచ్చును:

"మా అమ్మగారి సంఘములో 12 మంది సభ్యులు. లెక్కలు వ్రాయు ఆమె వివాహమై వెళ్లుటచే మూడు నెలల పద్దులు నిలిచిపోయినవి. నేను ప్రతి సభ్యురాలి పుస్తకముతో సరిచూచి వానిని పూర్తిచేసితిని. రెండుచోట్ల నేను చేసిన తప్పును సమావేశములో చెప్పి దిద్దితిని. పిమ్మట ఇద్దరు సభ్యులకు ఆ పని నేర్పితిని."

ఇందు గొప్పమాట ఒక్కటియు లేదు. అయినను తప్పును తానే చెప్పుటలో బాధ్యతయు, ఇతరులకు పని నేర్పుటలో నాయకత్వమును స్పష్టముగా కనుపించుచున్నవి.

ఇంకొక సంగతి. పల్లె మర్యాదనుబట్టి మనవారు "అందరము కలిసి చేసితిమి" అని వ్రాయుదురు. ఆ వినయము మెచ్చదగినదే. కాని దరఖాస్తు చదువువారికి అందులో మీ వంతు ఏదో తెలియవలెను. తోటివారి శ్రమను కాదనక, మీ పనిని మీదిగా చెప్పుకొనుట గర్వము కాదు.

చేయని పనిని మాత్రము వ్రాయరాదు. ముఖాముఖిలో రెండవ ప్రశ్నకే అది బయటపడును. అప్పుడు నిజముగా చేసిన పనులపైన కూడ నమ్మకము పోవును. మీ పనిని కన్నులార చూచిన ఉపాధ్యాయునో, సంఘపు అధ్యక్షురాలినో ముందుగా అడిగి, వారి అనుమతితోనే సాక్షిగా పేరు వ్రాయుడు.

పెద్దలకు ఒక మనవి. ఉత్సవపు చందా లెక్కలు, సంఘపు పద్దులు, గ్రంథాలయపు తాళపుచెవి మనచేతనే ఉంచుకొన్నచో, మన పిల్లలు దరఖాస్తులో వ్రాయుటకు ఏమి మిగులును? చదువుకొను వయసులోనే వారికొక పని అప్పగింతము. లెక్క అడుగుదము, తప్పినచో దిద్దుకొననిత్తము. అప్పుడు ఆ ప్రశ్నకడ వారి చేయి ఆగదు.