మెమరీ ధరల ఆటుపోటులు – మన నగరము

సికింద్రాబాదు పార్కులేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరున కంప్యూటరు విడిభాగముల ధరలు విచారించువారికి ఒక వింత తోచకమానదు. కీబోర్డు, మానిటరు మొదలగువాని ధరలు నెలల తరబడి ఇంచుమించుగా ఒకే తీరున నుండును. ర్యామ్ అని వర్తకులు పిలుచు జానెడైనను లేని మెమరీ పలక ధర మాత్రము నిలుకడ ఎరుగదు. 2023లో ఈ సరకును కొనువారు లేక తయారీదారులు నష్టమునకే అమ్ముకొనిరి. 2025 చివరి మాసములలో అదే సరకు ధర ప్రపంచమంతటను రెట్టింపునకు మించినది. దుకాణదారుని దురాశయే ఇందులకు కారణమని కొందరును, డాలరు మారకపు రేటని కొందరును చెప్పుచున్నారు. ఈ రెండు కారణములును స్వల్పములు. మూలకారణము ఈ సరకు స్వభావమునందును, దానిని తయారుచేయు పద్ధతియందును కలదు. ఆ సంగతి తెలియనిదే మనమేమి చేయవలెనో తెలియదు.

కంప్యూటరు పని చేయుచున్నంతసేపు లెక్కలను తాత్కాలికముగా నిలువయుంచుకొను తావే మెమరీ. అందులో ఒక్కొక్క గుర్తు కెపాసిటరు అను అతిసూక్ష్మమైన తొట్టిలో విద్యుత్తుగా నుండును. ఆ తొట్టి కారుచుండును గనుక సెకనునకు పలుమారులు దానిని మరల నింపుచుండవలెను. ఈ ఉపాయమునకు ఐ.బి.ఎం. సంస్థకు చెందిన రాబర్ట్ డెనార్డ్ 1968లో పేటెంటు పొందెను. 1970లో ఇంటెల్ సంస్థ ఈ విధమగు చిప్పును బజారునకు తెచ్చెను. నాటినుండి నేటివరకు సూత్రమొక్కటే. కొలతలు, వేగము, అమరిక మొదలగునవి అందరు తయారీదారులకును ఉమ్మడిగా నిర్ణయింపబడినవి. కావున ఒక సంస్థ చేసిన మెమరీ స్థానమున వేరొక సంస్థ మెమరీని అమర్చుకొనవచ్చును. ప్రాసెసరు విషయమున ఈ వెసులుబాటు లేదు. పేరు చూచి కొను సరకునకు పేరే ధరను నిలబెట్టును. కొలత చూచి కొను సరకునకు ఆ అండ లేదు. బియ్యము, ప్రత్తి వలె మెమరీ కూడ గిరాకికిని సరఫరాకును నడుమ నలుగుచున్న సరకే.

గుంటూరు మిరప యార్డు సంగతి మనకందరకును విదితమే. ఒక ఏడు మిరపకు మంచి ధర పలికినచో మరుసటి ఏడు రైతులనేకులు మిరపయే వేయుదురు. పంటంతయు ఒక్కమారు యార్డునకు వచ్చును, ధర పడిపోవును. మెమరీ పరిశ్రమలో జరుగుచున్నదియు ఇదియే. భేదమంతయు కాలమునందును పెట్టుబడియందును కలదు. మిరప కొన్ని నెలలలో చేతికి వచ్చును. మెమరీ కర్మాగారము కట్టి యంత్రములమర్చుటకు రెండు మూడేండ్లు పట్టును. నేటి పెద్ద కర్మాగారమొకటి నిర్మించుటకు వేయి కోట్ల డాలరులు కూడ చాలకపోవచ్చును. ధర హెచ్చుగానున్న ఏటిలో తలపెట్టిన కర్మాగారములన్నియు సరకును బయటికి తెచ్చునప్పటికి గిరాకి చల్లారవచ్చును. అప్పుడైనను యంత్రములను ఆపి కూర్చుండుటకు వీలులేదు. పెట్టిన సొమ్ముపై వడ్డీయు, యంత్రముల తరుగుదలయు ఆగవు. ముడిసరకు ఖర్చు, కూలి వచ్చిన చాలునని తయారీదారుడు నష్టమునకైనను అమ్మును. మిరపను శీతల గిడ్డంగిలో దాచి ధరకై వేచియుండవచ్చును. మెమరీ కుళ్లదు గాని, క్రొత్త తరము రాగానే పాతబడును. కావున దీర్ఘకాలము దాచుట కూడ ప్రమాదమే.

ధర పెరుగుటకు ఒక్కొక్కప్పుడు చిన్న నిప్పురవ్వ చాలును. 1993 జూలైలో జపానుదేశమున నీహమా పట్టణమందలి సుమిటోమో కెమికల్ కర్మాగారమున ప్రేలుడు సంభవించెను. చిప్పులకు పైపూతగా వాడు రెజిన్ అచ్చట తయారగుచుండెను. సరకు నిజముగా కొరవడకమునుపే కొరవడునను భయము ధరను పైకి లేపినది. 1999 సెప్టెంబరులో తైవాను భూకంపమును, 2013 సెప్టెంబరులో చీనాలోని ఊషీ నగరమున ఎస్.కె. హైనిక్స్ కర్మాగారమందలి అగ్నిప్రమాదమును ఇట్లే ధరలను పెంచినవి.

ధరలు పడినపుడు కూలినవారి చరిత్ర మరింత గమనింపదగినది. జపానువారి పోటీకి తట్టుకొనలేక, ఈ సరకును మొదట బజారున పెట్టిన ఇంటెల్ సంస్థయే 1985లో మెమరీ వ్యాపారమును విడిచిపెట్టెను. 2009లో జర్మనీకి చెందిన కిమోండా దివాలా తీసెను. 2012లో జపానుకు చెందిన ఎల్పిడా అదే దారి పట్టగా, 2013లో అమెరికాకు చెందిన మైక్రాన్ దానిని కొనివేసెను. ఇట్లు రాలినవారు రాలిపోగా, నేడు కొరియాకు చెందిన శాంసంగ్, ఎస్.కె. హైనిక్స్, అమెరికాకు చెందిన మైక్రాన్ అను మూడు సంస్థల చేతిలోనే ప్రపంచపు సరఫరాలో అత్యధిక భాగము చిక్కుకొనియున్నది. మిరపను పండించువారు లక్షలు, మెమరీని పండించువారు ముగ్గురు. ధరలను కూడబలుక్కొని నిర్ణయించిన నేరమునకు 2005లో శాంసంగ్ సంస్థ అమెరికాలో 30 కోట్ల డాలరుల జరిమానాకు ఒడంబడవలసివచ్చెను. అంతమాత్రమున ధర పెరిగినపుడెల్ల కుట్ర జరిగినదనుట న్యాయము గాదు. ముగ్గురే యున్నచోట మాట కలుపుకొనకయే ఒకరినొకరు గమనించి ఉత్పత్తిని తగ్గింపవచ్చును. 2023లో ధరలు నేలబడినపుడు మువ్వురును ఉత్పత్తిని తగ్గించిరి. తరువాతి కొరతకు బీజము అచ్చటనే పడినది.

ఆ బీజమునకు నీరు పోసినది కృత్రిమ మేధ. దాని యంత్రములకు హెచ్.బి.ఎం. అను పొరలుపొరలుగా పేర్చిన మెమరీ కావలెను. సాధారణ మెమరీతో పోల్చినచో అంతే పరిమాణముగల హెచ్.బి.ఎం. చేయుటకు ఇంచుమించు మూడు రెట్ల సిలికాన్ పలకలు వ్యయమగును. లాభము అధికముగా నుండుటచే తయారీదారులు తమ యంత్రములను అటు మరల్చిరి. 2025 అక్టోబరులో ఓపెన్ ఎ.ఐ. సంస్థ కొరియా సంస్థలు రెంటితోను భారీ సరఫరాకై అవగాహన కుదుర్చుకొనెను. డిసెంబరులో మైక్రాన్ సంస్థ సామాన్యులు కొనుక్కొను క్రూషియల్ మెమరీ వ్యాపారమునుండి వైదొలగుచున్నట్లు ప్రకటించెను. పెద్ద చెరువు నిండువరకు పిల్లకాలువలకు నీరు రాదు. ఆ పెద్ద చెరువులలో కొన్ని మన ముంగిటనే కలవు. అమెజాన్ సంస్థ 2022 నవంబరులో హైదరాబాదు కేంద్రముగా తన డేటా సెంటర్లను ప్రారంభించినది. 2025 అక్టోబరులో గూగుల్ సంస్థ విశాఖపట్టణమున 1500 కోట్ల డాలరుల పెట్టుబడితో కృత్రిమ మేధా కేంద్రమును ప్రకటించినది. వీనిని మనమే కోరి పిలిచితిమి, పిలుచుట తప్పు కాదు. కాని మెమరీకై వానితో పోటీపడవలసిన జిల్లా ఇంజనీరింగు కళాశాల విద్యార్థిని, వీధిచివర డి.టి.పి. దుకాణదారుని, పాఠశాలలోని కంప్యూటరు గదిని తలచువారెవరు?

ఇచ్చటనే మన నగరపు విచిత్రస్థితి కానవచ్చును. 1998లో సైబర్ టవర్స్ వెలసిననాటినుండి మాదాపురపు రాళ్లగుట్టలు మేధకు మార్కెట్టుగా మారినవి. ఆ మైక్రాన్ సంస్థయే 2019 అక్టోబరులో హైదరాబాదున తన అభివృద్ధి కేంద్రమును తెరచినది. మెమరీ చిప్పుల రూపకల్పనయందును, వానిని పరీక్షించు పనియందును మన బిడ్డలు పాల్గొనుచున్నారు. ఆ చిప్పులను చెక్కు కర్మాగారము మాత్రము మన దేశమున లేదు. 2023లో గుజరాతులోని సానందున మైక్రాన్ ప్రారంభించిన నిర్మాణము చిప్పులను కూర్చి పరీక్షించుటకే గాని చెక్కుటకు గాదు. 2025 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గము ఆంధ్రప్రదేశమునకు అనుమతించిన ఆసిప్ సంస్థ పథకమును అట్టిదియే. మేధ మనది, సరకు పరులది, ధర నిర్ణయము అంతకన్న పరులది.

ఇందులకు మనము ప్రయత్నింపలేదని చెప్పరాదు. 2006లో శంషాబాదు విమానాశ్రయమునకు చేరువలో ఫ్యాబ్ సిటీ యని పేరుపెట్టి వందలాది ఎకరములు కేటాయించిరి. సెమిండియా అను సంస్థ 300 కోట్ల డాలరుల కర్మాగారమును నిర్మించునని చెప్పిరి. ఆ కర్మాగారము రాలేదు. స్థలము పిమ్మట సౌరఫలకములు, ఎలక్ట్రానిక్ వస్తువులు చేయువారికి పంచబడినది. భూమియు, ఒప్పందపత్రమును ఉన్నంతమాత్రమున చిప్పులు పుట్టవని ఆ అనుభవము నేర్పినది. నష్టపు ఏండ్లను భరించు ఓరిమిగల పెట్టుబడి కావలెను. చీనాలోని హెఫెయ్ నగరమున 2016లో స్థాపింపబడిన సి.ఎక్స్.ఎం.టి. సంస్థ ప్రభుత్వపు ధనబలముతో ఆ ఓరిమిని చూపినందుననే నేడు మెమరీని తయారుచేయగలుగుచున్నది.

కావున ధర మిన్నంటినపుడు కర్మాగారములకై కేకలువేసి, ధర పడినపుడు ఆ మాటను మరచుట మన రాజ్యాధికారులకు తగదు. హెచ్చు ధరల ఏట తలపెట్టిన కర్మాగారము తగ్గుధరల ఏటికి పూర్తియగునని పై చరిత్ర చెప్పుచున్నది. పరులు వెనుకంజ వేయు మాంద్యకాలమే మనకు పునాది వేయు కాలము. అంతవరకు చేయదగిన చిన్నపనులును కలవు. పాఠశాలలకు, ప్రభుత్వ కార్యాలయములకు కావలసిన యంత్రములను సంవత్సరాంతమున పద్దు మురిగిపోవునను తొందరతో గాక, ధర తగ్గిన అదను చూచి కొనవలెను. పాత యంత్రములను పారవేయక మెమరీ పెంచి మరికొన్నాళ్లు వాడుకొనవచ్చునేమో చూడవలెను. గృహస్థులును రేపు ఇంకను పెరుగునను భయముతో అవసరమునకు మించి కొనరాదు. భయమే ధరను పెంచునని నీహమా ఉదంతమే చెప్పుచున్నది.

ఈనాటి హెచ్చుధర శాశ్వతము గాదు, రేపటి తగ్గుధరయు శాశ్వతము గాదు. ఆటుపోటులను ఆపుట మన వశము గాదు. కాని పోటు వచ్చినపుడు గుండె బాదుకొని, ఆటు వచ్చినపుడు నిదురించుట మానినచో, మెమరీని ఊహింప నేర్చిన మన నగరము దానిని చేయుటయు నేర్వగలదు.